సెలీనియం తక్కువని రిపోర్టు వచ్చింది: హెచ్‌ఐవీకి టీఎల్‌డీ వాడుతున్న ఒక మహిళ కేసు

హెచ్‌ఐవీకి మందులు వాడుతూ ఏళ్లుగా వైరల్ లోడ్ (మి.లీ. రక్తంలో వైరస్ కాపీల లెక్క) అదుపులో ఉన్నవాళ్లలో నీరసం, కాళ్ల తిమ్మిర్లు, జుట్టు రాలడం తరచుగా కనిపిస్తాయి. ఇప్పుడు ప్రైవేటు ల్యాబుల ప్యాకేజీల్లో సెలీనియం, జింకు లాంటి సూక్ష్మ ఖనిజాల పరీక్షలు కూడా ఉంటున్నాయి. అంకె తక్కువ వస్తే చాలు, మాత్ర మొదలైపోతుంది. బెంగళూరులోని మా పోషకాహార క్లినిక్‌కు వచ్చిన ఈ కేసులో ఆ మాత్రే రెండు కొత్త సమస్యలు తెచ్చింది. ఒకటి ఒంటి మీద కనిపించింది. రెండోది వైరల్ లోడ్‌లో బయటపడింది. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాం. కొన్నిటిని మార్చాం.

నేపథ్యం

నలభైల్లో ఉన్న మహిళ. రాయలసీమ నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. పొద్దున్నే ఇల్లు వదిలి, రోజంతా నిలబడి చేసే పని. పన్నెండేళ్లకు పైగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) మీద ఉన్నారు. మొదట్లో కొంతకాలం స్టావుడిన్ (నరాలను దెబ్బతీయగల పాత మందు) ఉన్న మందులు వాడారు. ప్రస్తుతం టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్ 300 మి.గ్రా., లామివుడిన్ 300 మి.గ్రా., డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన ఒక్క మాత్ర. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ఆమె చికిత్స రికార్డు ఉండే గ్రీన్ బుక్‌లో వరసగా ఐదు వైరల్ లోడ్ ఫలితాలు 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' (వైరస్ కనపడలేదు) అనే ఉన్నాయి. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 600 పైన.

మా దగ్గరికి వచ్చేనాటికి నాలుగు ఇబ్బందులు చెప్పారు: నీరసం, అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండటం, గుప్పెళ్లకొద్దీ జుట్టు ఊడటం, గోళ్లు పొరలుగా విరగడం. తాజా వైరల్ లోడ్ 640 కాపీలు.

640 అనే అంకె దగ్గర ఆగాలి. మన జాతీయ కార్యక్రమంలో వైద్యం విఫలమైందని అనుమానించడానికి గీత 1000 కాపీల దగ్గర ఉంది. ఆ లెక్కన ఈమెకు మందు పనిచేస్తున్నట్టే, ఫైలు పక్కన పెట్టేయొచ్చు. అయితే ఐదుసార్లు అసలు కనపడని వైరస్ ఆరోసారి 640 అయిందంటే మధ్యలో ఏదో మారింది. గీత దాటలేదన్న నిబ్బరంతో కూర్చుంటే ఆ మార్పు ఏమిటో తెలియదు.

మొదటి రిపోర్టు చెప్పింది, చెప్పనిది

కథ ఏడు నెలల ముందు మొదలైంది. అప్పటికి జుట్టు రాలడం లేదు. నీరసం, తిమ్మిర్లు మాత్రమే ఉన్నాయి. ఇంటి దగ్గర ల్యాబులో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించారు. సీరం సెలీనియం లీటరుకు 58 మైక్రోగ్రాములు వచ్చింది. ల్యాబు ఇచ్చిన కింది హద్దు 70. రిపోర్టులో ఎర్ర అక్షరాలతో 'లో' అని ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు సెలీనియం తగ్గితే సీడీ4 పడిపోతుందని ఆమె తమ్ముడు ఇంటర్నెట్‌లో చదివి, 200 మైక్రోగ్రాముల క్యాప్సూల్స్ తెప్పించి ఇచ్చాడు.

అదే రిపోర్టు ఆరో పేజీలో సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) 46 అని ఉంది. తెల్లకణాలు 13,800. ఆ వారంలో ఆమెకు దవడ పన్ను కింద చీము పట్టి ఉంది. ఈ రెండు పేజీలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉన్నప్పుడు సెలీనియం, జింకు, ఇనుము, ఎ, డి విటమిన్లు రక్తంలో తగ్గినట్టు కనిపిస్తాయి. నిల్వలు ఖాళీ అయ్యాయని కాదు, శరీరం వాటిని రక్తం నుంచి కణాల్లోకి పంపుతుంది, మోసుకెళ్లే ప్రోటీన్ల తయారీ తగ్గిస్తుంది. సీఆర్‌పీ 10 మి.గ్రా. దాటితే సెలీనియం అంకెను బట్టి లోపం ఉందని చెప్పలేం. జింకుకు 20 వరకు కొంత వెసులుబాటు ఉంది. ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్ ఇందుకు పూర్తిగా ఎదురు, వాపు ఉంటే పెరిగి ఇనుము లోపాన్ని దాచేస్తుంది. ఆ ప్యాకేజీలో ఫెర్రిటిన్ 61 వచ్చింది, 'నార్మల్' అని రాశారు. ఇన్ఫెక్షన్ ఉన్న పెద్దవాళ్లలో ఫెర్రిటిన్ 70 కంటే తక్కువుంటే ఇనుము లోపంగానే చూడాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. అంటే ఆ రోజు రిపోర్టులో లేని లోపం కనిపించింది, ఉన్న లోపం కనిపించలేదు.

మేము ముందు చేసింది, పని చేయనిది

మొదటి రాకలో మా దృష్టంతా 640 మీదే ఉంది. మాత్రలు మరిచిపోతున్నారా అని అడిగాం. లేదన్నారు. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టాం, సరిగ్గా ఉన్నాయి. అయినా ఒక నెలపాటు కౌన్సెలింగ్ పెట్టాం, ఫోన్‌లో అలారం పెట్టించాం. ఆమె ఓపికగా అన్నీ చేశారు. నిజానికి ఆమె ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. మందు వేసుకుంటున్నారా అనేదే మా ప్రశ్న. దేనితో కలిపి వేసుకుంటున్నారో అడగాల్సింది.

హిమోగ్లోబిన్ 10.2 ఉండటంతో ఆ రాకలోనే ఐరన్ మాత్ర రాశాం. డోలుటెగ్రావిర్‌ను ఐరన్‌తోగానీ కాల్షియంతోగానీ కలిపి వేసుకోవాలంటే ఆహారంతో వేసుకోవాలి. ఖాళీ కడుపున కలిపితే ఆ లోహ అయాన్లు డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని పేగుల్లో ఇంకనివ్వవు. ఆరోగ్యవంతుల్లో చేసిన అధ్యయనంలో ఖాళీ కడుపున కాల్షియం కార్బొనేట్‌తో డోలుటెగ్రావిర్ మొత్తం శోషణ 39 శాతం, ఫెర్రస్ ఫ్యూమరేట్‌తో 54 శాతం తగ్గింది. భోజనంతో కలిపి వేసుకుంటే ఆ తేడా పోయింది. అందుకే ఫార్మసీలో 'తిండి తర్వాత రెండూ వేసుకోండి' అని చెప్పించాం.

ఇక్కడ మాట బోల్తా కొట్టింది. కన్నడంలో తిండి అంటే పొద్దుటి టిఫిన్. ఇడ్లీ, ఉప్మా, చిత్రాన్నం లాంటిది. భోజనాన్ని ఊట అంటారు. తెలుగువారికి తిండి అంటే నోట్లో పడేది ఏదైనా. ఆమె ఉదయం ఆరింటికి టీతో రెండు బిస్కెట్లు తిని, అదే తిండి అనుకుని, మాత్రలన్నీ వేసుకుని పనికి వెళ్లేవారు. అసలు టిఫిన్ తొమ్మిదింటికి, పని చేసే చోట. అధ్యయనాల్లో 'ఆహారంతో' అంటే కొవ్వు ఓ మోస్తరుగా ఉన్న పూర్తి భోజనం. టీ బిస్కెట్లు ఆ లెక్కలోకి రావు. అలా మేమిచ్చిన ఐరన్ కూడా టీఎల్‌డీకి అడ్డుపడే వాటిలో చేరింది. పైగా టీతో వేసుకోవడం వల్ల ఆ ఐరనూ సరిగా ఒంటికి పట్టలేదు.

నెల తర్వాత నీరసం అలాగే ఉంది. జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతోంది.

మాత్రల సంచి

రెండో రాకకు ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, టానిక్కులు అన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నాం. బల్ల మీద కుమ్మరిస్తే పదకొండు రకాలు తేలాయి. సెలీనియం క్యాప్సూల్స్. ఇమ్యూనిటీ పేరుతో అమ్మే మల్టీమినరల్ మాత్ర. కాల్షియం, డి3 కలిసిన మాత్ర. మేమిచ్చిన ఐరన్. జుట్టుకని బయోటిన్ అనే బీ విటమిన్ 10 మి.గ్రా. సగం అయిన గులాబీ రంగు గ్యాస్ మందు సీసా, అందులో మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్లు. అట్టడుగున జిప్ కవర్లో తెల్లగా, లావుగా ఉన్న బ్రెజిల్ నట్స్. మిగతావి పాత యాంటీబయాటిక్, నొప్పి మాత్రల లాంటివి.

ఒక్కో దాన్ని పట్టుకుని 'ఇది ఎప్పుడు, ఎన్ని, దేనితో' అని అడిగాం. సెలీనియం మొదట రోజుకు ఒకటి వేసుకున్నారు. నాలుగో నెలలో జుట్టు రాలడం మొదలయ్యేసరికి లోపం ఇంకా తీరలేదనుకుని రెండు చేశారు. నట్స్ రోజుకు నాలుగు. గ్యాస్ మందు పొద్దున్నే మాత్రలన్నీ మింగగానే రెండు చెంచాలు, 'ఇన్ని మాత్రలకు కడుపు మండకుండా'.

లెక్క ఇలా తేలింది. క్యాప్సూల్స్ నుంచి 400 మైక్రోగ్రాములు. మల్టీమినరల్ స్ట్రిప్పు మీద 'సెలీనియం డయాక్సైడ్ మోనోహైడ్రేట్ 70 మైక్రోగ్రాములు' అని ఉంది. అది మొత్తం సమ్మేళనం బరువు, అందులో అసలు సెలీనియం 61 శాతమే, అంటే 43. మన దగ్గర దొరికే స్ట్రిప్పులు చాలావాటి మీద ఇలాగే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఈ గుణకారం చేసుకోవాలి. జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ అయితే 36 శాతం, ఫెర్రస్ ఫ్యూమరేట్ అయితే 33 శాతం. బ్రెజిల్ నట్ పండిన నేలను బట్టి చాలా మారుతుంది. ఒక్కో దానికి 50 నుంచి 90 అనుకున్నా నాలుగింటికి 200 నుంచి 360. మొత్తం రోజుకు 640 నుంచి 800 మైక్రోగ్రాములు.

పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 40 నుంచి 55 మైక్రోగ్రాములే. దాటకూడని హద్దు అమెరికా లెక్కలో 400. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 255కు తగ్గించింది. తగ్గించడానికి ఆధారంగా తీసుకున్న లక్షణం జుట్టు రాలడమే.

అప్పుడు గోళ్లను మళ్లీ చూశాం. ఎడమ చేతి నాలుగు గోళ్ల మీద అడ్డంగా తెల్లని గీతలు, అంచులు పెచ్చులుగా లేస్తున్నాయి. నోటి వాసన గురించి అడిగితే కాస్త సిగ్గుపడుతూ చెప్పారు: "వెల్లుల్లి వాసనొస్తోందమ్మా అని మా పాప అంటాది మేడమ్. నేను వెల్లుల్లి తినే రోజులే తక్కువ." ఎక్కువైన సెలీనియాన్ని శరీరం మిథైల్ రూపంలోకి మార్చి ఊపిరితో వదులుతుంది. ఆ వాసన అదే.

పరీక్షలు, వాటి వెనక ఆలోచన

బయోటిన్ ఆపించి మూడు రోజులయ్యాకే రక్తం తీశాం. ఎక్కువ మోతాదు బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని యంత్రాల్లో బీ12, విటమిన్ డి లేనంత ఎక్కువగా, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, ఫెర్రిటిన్ తక్కువగా చూపిస్తాయి. సెలీనియానికి సూక్ష్మ లోహాలు లేని ముదురు నీలం మూత ట్యూబు వాడాం. మామూలు ట్యూబు రబ్బరు మూత నుంచి జింకు కలుస్తుంది, రెండూ ఒకే ట్యూబులో పంపేటప్పుడు ఇది ముఖ్యం.

సీఆర్‌పీ 3. అంటే ఈసారి అంకెలను నమ్మవచ్చు. సెలీనియం 286. ఫెర్రిటిన్ 22. బీ12 148 పికోగ్రాములు. విటమిన్ డి 14. కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ 58. క్రియాటినిన్, ఫాస్ఫేట్, మూత్రం బాగానే ఉన్నాయి కాబట్టి టెనోఫోవిర్ మూత్రపిండాలను దెబ్బతీసిన ఛాయలు లేవు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఏవీ లేవు.

ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 86, నార్మల్. చాలామంది ఇక్కడ మోసపోతారు. ఇనుము తగ్గితే కణాలు చిన్నవవుతాయి, బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ కలిస్తే సగటు నార్మల్‌గా వస్తుంది. కణాల పరిమాణాల్లో తేడాను చూపే ఆర్‌డీడబ్ల్యూ 19 ఉండటమే అసలు సూచన.

కాళ్ల తిమ్మిర్లకు నాలుగు కారణాలు ఉండొచ్చు: షుగర్, పాత స్టావుడిన్, బీ12 లోపం, సెలీనియం ఎక్కువవడం. స్టావుడిన్ తెచ్చిన తిమ్మిర్లయితే ఏళ్ల క్రితమే మొదలవ్వాలి, ఈమెకు మొదలై ఏడాదే. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్) 7.1, మరీ అదుపు తప్పలేదు. తిమ్మిర్లు సెలీనియం కంటే ముందే ఉన్నాయి. మిగిలింది బీ12. దానికి దారులు చాలా ఉన్నాయి: ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, మొక్కు వల్ల మాంసం, గుడ్డు మానేయడం, పాలు టీలో మాత్రమే. మల్టీమినరల్ మాత్రలో బీ12 1 మైక్రోగ్రామే ఉంది, ఈ లోటుకు అది చాలదు.

గ్యాస్ మందుకూ ఒక మూలం కనిపించింది. డోలుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్ స్థాయిని దాదాపు 79 శాతం పెంచుతుంది, అందుకే రోజుకు 1000 మి.గ్రా. దాటనివ్వం. ఈమె సరిగ్గా ఆ హద్దులో ఉన్నారు. కడుపు మంట అక్కడి నుంచి, దాని మీద ఐరన్ నుంచి. మంటకు గ్యాస్ మందు. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న ఆ మందును కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ శోషణ 74 శాతం వరకు పడిపోతుంది. ఐరన్, కాల్షియాలకు ఉన్న 'ఆహారంతో అయితే పర్వాలేదు' అన్న మినహాయింపు దీనికి లేదు. 640 కాపీలకు ఇంతకంటే బలమైన కారణం వెతకాల్సిన పని లేదు.

ఏది ఆపాం, ఏది ఇచ్చాం

సెలీనియం క్యాప్సూల్స్, నట్స్, మల్టీమినరల్, బయోటిన్ ఆ రోజే ఆపాం. సెలీనియం విషానికి విరుగుడు మందు లేదు, ఆపడమే వైద్యం. ఆమె వాడింది సెలీనోమిథియోనిన్ రూపం. అది శరీర ప్రోటీన్లలో మిథియోనిన్ చోటులో దూరిపోయి మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి నెలలు పడుతుందని ముందే చెప్పాం.

"మా తమ్ముడు కష్టపడి కొనిచ్చినాడు మేడమ్. పారేయమంటారా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మర్యాదగా, పూర్తిగా జవాబు చెప్పాలి. తమ్ముడికి ఆమె విషయం ముందే తెలుసు. ఆమె ఒప్పుకున్నాకే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాం. అతను చదివింది అబద్ధం కాదు. 1997లో మయామి పరిశోధకులు సెలీనియం లోపానికీ హెచ్‌ఐవీ మరణాలకూ ఉన్న సంబంధాన్ని చూపారు. 2013లో బోట్స్వానాలో మల్టీవిటమిన్లతో కలిపి సెలీనియం ఇస్తే జబ్బు ముదరడం నెమ్మదించింది. 2015లో రువాండాలో 200 మైక్రోగ్రాములతో సీడీ4 తగ్గుదల నెమ్మదించింది, వైరల్ లోడ్ మాత్రం మారలేదు. అయితే బోట్స్వానా, రువాండా అధ్యయనాల్లో ఉన్నది అప్పటికి ఏఆర్‌టీ మొదలుపెట్టనివాళ్లు. వైరస్ మందులతో అణిగి ఉన్న మనిషికి ఆ ఫలితాలను అంటగట్టలేం. 2012లో టాంజానియాలో ఏఆర్‌టీ మొదలుపెట్టినవారికి విటమిన్లు భారీ మోతాదులో ఇచ్చి చూస్తే లాభం కనపడలేదు, ఏఎల్‌టీ పెరిగింది, అధ్యయనాన్ని మధ్యలోనే ఆపారు. ఇవన్నీ చెప్పాక, "అక్కకు మాత్రలకు పెట్టే డబ్బు గుడ్లకు, చేపలకు పెట్టు" అన్నాం. అతనికి అది నచ్చింది. మొక్కు తీరిపోయి అప్పటికే రెండేళ్లయిందని తేలింది. మానేసిన అలవాటు అలాగే ఉండిపోయిందంతే.

బీ12 ఇంజెక్షన్లు ఎంచుకున్నాం. నరాల లక్షణాలు ఉన్నాయి, మాత్రల సంఖ్య తగ్గించాలన్నదీ ఒక కారణం. 1000 మైక్రోగ్రాములు వారం రోజులు రోజూ, తర్వాత నాలుగు వారాలు వారానికొకటి, ఆపైన నెలకొకటి. విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికొకటి, ఎనిమిది వారాలు. విడి డి3కి డోలుటెగ్రావిర్‌తో గొడవ లేదు, కాల్షియం కలిసిన డి3 మాత్రతోనే గొడవ. కాల్షియం మాత్ర తీసేసి రాగి సంగటి, పెరుగు మీద ఆధారపడ్డాం. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటుంది, అది ఆమెకు పుట్టింటి తిండి.

మందుల వేళలు పూర్తిగా మార్చాం. టీఎల్‌డీ రాత్రి తొమ్మిదింటికి, భోజనం అయ్యాక. ఐరన్ పొద్దున పదకొండింటికి మజ్జిగ, టీ ఏదీ లేకుండా, నిమ్మరసంతో, రోజు విడిచి రోజు. అలా టీఎల్‌డీకి పది గంటల ఎడం వచ్చింది. ఐరన్, కాల్షియం, గ్యాస్ మందు ఏదైనా వేసుకున్నాక ఆరు గంటలకు డోలుటెగ్రావిర్, లేదా డోలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటలకు అవి. ఇదే కొలత. గ్యాస్ సీసా బదులు నాలుగు వారాలు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఇచ్చాం. అది డోలుటెగ్రావిర్‌కు అడ్డు రాదు. రిల్పివిరిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు మీద ఉన్నవారికైతే ఇది ఇవ్వకూడదు. నాలుగు వారాలకు మించి ఇవ్వకపోవడానికి కారణం, ఆమ్లం తగ్గితే బీ12, ఇనుము రెండూ ఇంకడం తగ్గుతుంది.

నెలసరి ఎక్కువగా ఉండటంతో గైనకాలజీకి పంపాం. ఫైబ్రాయిడ్ బయటపడింది. అది వాళ్లు చూసుకున్నారు, గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా అప్పుడే అయింది.

ఇక టీఎల్‌డీ మార్చాలా, వైరస్ మందుకు లొంగకుండా మారిందేమో చూసే రెసిస్టెన్స్ పరీక్ష చేయించాలా అన్న చర్చ. రెండూ వద్దనుకున్నాం. వెయ్యిలోపు కాపీలతో ఆ పరీక్ష చాలాసార్లు ఫలితమే ఇవ్వదు. అంతకంటే ముఖ్యంగా, కారణం కళ్లెదుట ఉంది, దాన్ని సరిచేసి మూడు నెలల్లో మళ్లీ చూడటమే సబబు. అప్పటికీ వైరస్ కనిపిస్తే నిర్ణయం వేరుగా ఉండేది.

తర్వాత

ఆరో వారానికి నోటి వాసన పోయింది. పన్నెండో వారం వైరల్ లోడ్: టార్గెట్ నాట్ డిటెక్టెడ్. హిమోగ్లోబిన్ 11.9. తిమ్మిర్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు. సెలీనియం పదో వారంలో 168, ఆరో నెలలో 118. ఏ మాత్రా లేకుండా, వారానికి ఐదు గుడ్లు, రెండుసార్లు చేపల పులుసుతో. ఏఎల్‌టీ 31. సీడీ4 మొదట ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది. సెలీనియం ఎక్కువైనప్పుడూ పెరగలేదు, ఆపినప్పుడూ తగ్గలేదు.

మా పద్ధతిలో మారినవి

సీఆర్‌పీ లేకుండా సెలీనియం, జింకు, ఫెర్రిటిన్ ఏదీ ఒంటరిగా పంపడం లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గి మూడు వారాలయ్యాకే తీస్తున్నాం. ఏఆర్‌టీ మీద నిలకడగా ఉన్నవారికి సెలీనియం పరీక్షను మామూలు జాబితా నుంచి తీసేశాం. ఆహారం చాలా తక్కువైనప్పుడో, పేగు జబ్బు ఉన్నప్పుడో, ఇలా ఎక్కువ వాడిన అనుమానం ఉన్నప్పుడో మాత్రమే అడుగుతున్నాం. వైరల్ లోడ్ కనపడని స్థాయి నుంచి ఎంత పైకి లేచినా కౌన్సెలింగ్ కంటే ముందు సంచి కుమ్మరిస్తున్నాం.

మందుల చీటీ మీద 'తిండి', 'ఊట', 'టిఫిన్' అన్న మాటలు రాయడం మానేశాం. గడియారం బొమ్మ, దాని పక్కన కంచం బొమ్మ వేస్తున్నాం. కంచంలో ఏముండాలో రోగినే చెప్పమంటున్నాం. మొన్న ఒక పెద్దాయన టీ గ్లాసు చూపించారు. ఆయన టీఎల్‌డీని కూడా రాత్రికి మార్చాం.